ఫీబే: సంఘ పరిచారకురాలు
పాఠ్యభాగము: రోమా 16:1, 2

కెంక్రేయ సంఘపు ఫీబేను పౌలు పరిచారకురాలనెను. 1 కొరింథీ 3:5లో తనకును అపొల్లోకును వాడిన గ్రీకు మాటనే ఆమెకును వాడెను. స్త్రీలు మౌనముగా నుండవలెనని అదే పత్రిక 14వ అధ్యాయమును చూపువారు 11:5 కూడ చదువవలెను. అక్కడ ప్రార్థించు, ప్రవచించు స్త్రీకి ముసుకును గూర్చి చెప్పెనే గాని నోరు మూయుమనలేదు.

దక్షిణ ఇండియా సంఘము 2013లో నంద్యాల డయాసిస్‌కు ఇ. పుష్పలలిత గారిని బిషప్పుగా అభిషేకించెను. అయినను అనేక పల్లెలలో పిడికెడు బియ్యము కూర్చువారు, రోగులయొద్ద ప్రార్థించువారు స్త్రీలే. పెద్దల కమిటీలో మాత్రము వారికి చోటు లేదు.

ఫీబేను చేర్చుకొనుడనియు, ఆమెకు సహాయము చేయుడనియు పౌలు కోరెను. మొదటిది లేక రెండవది ఎట్లు?

ఆలోచించుడి: మన సంఘములో ఫీబే ఎవరు? ఆమెను రాబోవు కమిటీకి పిలుతుమా?