ముసురు దినముల దిగులు

కార్తికమాసము ప్రవేశించునప్పటికి మన సూళ్లూరుపేట ప్రాంతమున ఆకాశము రూపు మారిపోవును. రాష్ట్రమున పెక్కు భాగములకు నైరుతి ఋతుపవనములు ప్రధానము కాగా, మన తీరమునకు ఈశాన్య ఋతుపవనములే ప్రాణాధారములు. ఏడాది వర్షములో సగమునకు పైగా అక్టోబరు మొదలు డిసెంబరు వరకు గల మూడు మాసములలోనే కురియును. బంగాళాఖాతమున వాయుగుండ మేర్పడినచో రెండు మూడు దినములు, ఒక్కొక్కప్పుడు వారము దినములు ముసురు విడువదు. కాళంగి నిండును, పులికాటు సరస్సు పొంగును, చెఱువులు కలుజు పాఱును. నారు పోసిన రైతునకు ఇది ఆశాకాలము. అయినను ఈ దినములలోనే కొందఱి మనస్సు కారణము తెలియకయే క్రుంగుచుండుట మనము చూచుచున్నాము. నిన్నటివరకు ఆటస్థలమున పరుగులెత్తిన బాలుడు నేడు దుప్పటి తీయడు. పుస్తకము తెఱచిన బాలిక అరగంటయైనను అదే పుట చూచుచుండును. ఇంటిలోనివారు దీనిని సోమరితనమందురు. కొందఱు భక్తి తగ్గినదందురు. ఈ రెండు మాటలును తఱచు పొరపాటే. ఈ స్థితి యెట్టిది, యెందువలన కలుగును, దీనికి మనము చేయదగిన దేమి యను మూడు సంగతులను క్రమముగా విచారింతము.

1. వెలుతురునకును మనస్సునకును గల సంబంధము

మన కంటిలో వస్తువులను చూచుటకు ఉపయోగించు కణములే కాక, వెలుతురు యొక్క తీవ్రతను మాత్రము కనిపెట్టి మెదడునకు తెలుపు కణములును కొన్ని కలవు. ఇవి ఉదయకాంతిని గ్రహించి, మెదడులోని కాలయంత్రమును ప్రతిదినమును సరిచేయుచుండును. చీకటి పడగానే మెలటోనిన్ అను రసము రక్తములో హెచ్చి నిద్రను తెచ్చును. తెల్లవాఱి వెలుతురు కంట పడగానే అది తగ్గును. వెలుతురు చాలనిచో ఈ క్రమము తప్పి, పగలు మందత్వము, రాత్రి నిద్రలేమి కలుగవచ్చును.

ఉత్తరదేశములలో ఇది మిక్కిలి స్పష్టముగా కనబడును. దక్షిణాఫ్రికాలోని ఎండగల జోహానెస్‌బర్గు నుండి 1976లో న్యూయార్కు చేరిన నార్మన్ రోసెంతాల్ అను వైద్యుడు చలికాలమున తన శక్తి తగ్గుటను గమనించెను. అతడును అతని తోడివారును 1984లో ఈ వ్యాధిని వర్ణించి, దానికి ఋతుసంబంధమైన మనోవ్యాకులత యను అర్థము గల పేరుపెట్టిరి. అధికమైన నిద్ర, అన్నము తీపి మొదలగు వానిపై అతిగా కోరిక, శరీరభారము, జనులకు దూరముగా నుండవలెనను తలంపు దీని లక్షణములు. ఉదయమున సుమారు అరగంట సేపు 10,000 లక్సుల ప్రకాశము గల దీపము ఎదుట కూర్చుండుట దీనికొక చికిత్సగా వాడుకలోనికి వచ్చినది.

ఇప్పుడు లెక్క చూడుడు. మన ఊరిలో సంవత్సరమున మిక్కిలి చిన్న పగలు సుమారు 11 గంటల 20 నిమిషములు. మిక్కిలి పెద్ద పగలు సుమారు 12 గంటల 55 నిమిషములు. భేదము గంటన్నర మాత్రమే. స్కాట్లండులోని ఎడింబరోలో డిసెంబరు పగలు 7 గంటలు. కెనడాలోని టొరంటోలో 9 గంటలకు కొంచెము తక్కువ. ఈ సీమలో సువార్తపని చేసిన హెర్మన్స్‌బర్గు మిషనువారి స్వగ్రామమైన ఉత్తర జర్మనీలోని హెర్మన్స్‌బర్గులో 8 గంటలైనను ఉండదు. కావున చదువులకై ఆ దేశములకు పోవు మన తెలుగు బిడ్డలు మొదటి చలికాలమున తమ మనస్సు క్రుంగినచో, ఇది తమ అసమర్థత యని భయపడక, వెలుతురు తక్కువగుటయు దీనికొక కారణమని తెలిసికొనవలెను.

2. మన ఊరిలో దిగులునకు కారణములు

పగటి నిడివిలో భేద మింత స్వల్పమైనప్పుడు మనకు దిగులేల? ఏలయన, మనకు పగలు తగ్గుటకంటె మనము పగటిలోనికి పోవుట తగ్గుచున్నది. మబ్బుపట్టిన దినమున సైతము ఆరుబయట కొన్ని వేల లక్సుల వెలుతురుండును. తలుపులు మూసి విద్యుద్దీపము వేసిన గదిలో వంద మొదలు ఐదువందల వరకే యుండును. కంటికి గది చాల వెలుతురుగా తోచుటచే మనమీ భేదమును గుర్తింపము. ముసురుపేరిట మూడు దినములు లోపలనే యుండి, రాత్రి చాలసేపు ఫోను చూచి, ప్రొద్దెక్కినపిదప లేచినవారు, సూర్యుడు మన దేశముననే యున్నను, ఉత్తరదేశపు చీకటిని తామే తెచ్చుకొన్నవా రగుదురు.

రెండవ కారణము జీవనోపాధి. తుఫాను హెచ్చరిక వచ్చినచో పులికాటులో పడవలు కదలవు; తాపీపని నిలిచిపోవును; దినకూలివారికి కూలి దొరకదు. తండ్రి చూరుక్రింద మౌనముగా కూర్చున్నప్పుడు బిడ్డల మనస్సు తేలికగా నుండదు. మూడవది భయము. 1984 నవంబరు 14వ తేదీన శ్రీహరికోట సమీపమున తీరము దాటిన తీవ్రమైన తుఫాను అనేక ప్రాణములను బలిగొన్నది. 2015 నవంబరు వఱదలును ఈ ప్రాంతమును మిక్కిలి బాధించినవి. ఇట్టివి చూచిన పెద్దలకు గాలి హోరు వినగానే గుండె బరువెక్కుట సహజము. నాలుగవది శరీరము. వానకాలపు విషజ్వరములు తగ్గినపిదప వారములకొలది నీరసము నిలిచియుండవచ్చును. రక్తహీనతయు, థైరాయిడ్ గ్రంథి మందగించుటయు దిగులువలెనే కనబడును. ఐదవది ఎడబాటు. ఇంటిలో ఒకరు మరణించిన తరువాత వచ్చు మొదటి క్రిస్మసు, మొదటి సంక్రాంతి మిక్కిలి కఠినములు. ఊరంతయు నక్షత్రదీపములు వెలిగించుచుండగా ఆ యింటివారికి వెలితియే కనబడును. కావున, దిగులుపడినవారిని చూచి "లెమ్ము, ఉత్సాహముగా నుండుము" అనుటకు ముందు, ఈ యైదింటిలో ఏది వారిని పట్టినదో విచారింపవలెను.

3. భక్తులకును దిగులు కలిగినది

విశ్వాసము గలవారికి దిగులు రాదని తలంచుట లేఖనములకు సరిపడదు. కర్మెలు పర్వతముమీద గొప్ప జయము పొందిన ఏలీయా, మఱునాడే ప్రాణభయముతో అరణ్యమునకు పాఱిపోయి, ఒక చెట్టుక్రింద కూర్చుండి, మరణము కోరుకొనెను. ఆ వృత్తాంతము మొదటి రాజుల గ్రంథము 19వ అధ్యాయమున గలదు. దేవుని దూత అతనిని మందలింపలేదు, ధర్మోపన్యాసము చేయలేదు. అతడు నిద్రించెను, లేపి భోజనము పెట్టెను, మరల నిద్రించెను, మరల భోజనము పెట్టెను. అటుపిమ్మట నడక, ఆ తరువాత పని, తుదకు ఎలీషా యను తోడు. నిద్ర, ఆహారము, నడక, పని, తోడు అను ఈ క్రమమును నేటి వైద్యులును కాదనరు.

ఆంగ్లకవియైన విలియం కౌపరు (1731–1800) చరిత్రయు ఇట్టిదే. అమేజింగ్ గ్రేసు కీర్తనను రచించిన జాన్ న్యూటనుతో కలసి అతడు వ్రాసిన ఓల్నీ కీర్తనలు 1779లో ప్రకటింపబడినవి. అట్టి భక్తుడు యౌవనము మొదలు భయంకరమైన మనోవ్యాకులతతో బాధపడెను. చలికాలము, అందును జనవరి మాసము, అతనికి భీతికరముగా నుండెను. 1774లో ఇరుగుపొరుగువారు కుందేలుపిల్లలను తెచ్చియియ్యగా అతడు మూడింటిని పెంచెను. తోటపని, వడ్రంగము, మిత్రులకు జాబులు వ్రాయుట అలవరచుకొనెను. ఒకనాడు అతని దిగులు చూచి లేడీ ఆస్టిన్ అను స్నేహితురాలు ఒక హాస్యకథ చెప్పగా, దానినుండియే 1782లో జాన్ గిల్పిన్ అను నవ్వు పుట్టించు పద్యకథ పుట్టినది. ఈ యుపాయములచే అతని వ్యాధి పూర్తిగా నయము కాలేదు. తుదిదినములలో అది మరల ముదిరినది. కాని ఆ పనులును ఆ స్నేహములును అతనిని అనేక సంవత్సరములు నిలిపినవి. ఆ కాలమున లేని వైద్యము నేడు మనకు కలదు.

4. చేయదగిన పనులు

ఒకటి: వాన తెరపి యిచ్చిన ప్రతి ఉదయమును అరగంట ఆరుబయట నుండుడు. మబ్బు అడ్డము కాదు. వాన విడువనినాడు వసారాలో కూర్చుండి చదువుడు. సూర్యుని వైపు మాత్రము తిన్నగా చూడరాదు.

రెండు: లేచు వేళ మార్చకుడు. రాత్రి ఆలస్యమైనను ఉదయము ఒకే వేళకు లేచినచో కాలయంత్రము త్వరలో సర్దుకొనును. పండుకొనుటకు గంట ముందు ఫోను దూరముగా నుంచుడు.

మూడు: మనస్సు కుదిరిన తరువాత పని చేయుదమని వేచియుండకుడు. దిగులునందు మనస్సు ముందు కదలదు. చేయి ముందు కదిలిన, మనస్సు దాని వెనుక నడచును. పెద్ద పని వలదు. ఒక గిన్నె కడుగుట, ఒక లెక్క చేయుట, ఒక జాబు వ్రాయుట చాలును.

నాలుగు: వేళకు భుజింపుడు. అన్నముతోబాటు పప్పు, ఆకుకూర, గ్రుడ్డు, చేప మొదలగునవి యుండవలెను.

ఐదు: ఒంటరితనమును పెంచుకొనకుడు. మాటలాడుటకు శక్తి లేనిచో మిత్రుని ప్రక్కన ఊరక కూర్చుండుటయైనను మేలు. గానబృందముతో పాడుటయు మంచిది.

ఆఱు: చూడదగిన దానిని చూడుడు. మనము దిగులుపడు ఈ కాలమే పులికాటునకు పండుగ. అక్టోబరు మొదలుకొని ఫ్లెమింగో పక్షులు ఆ నీటిలో వేలకొలది దిగును. దొరవారిసత్రము దగ్గఱనున్న నేలపట్టులో గూడబాతులు నీటికడప చెట్లపై గూళ్లు కట్టి పిల్లలను పెంచును. ఆదివారము మధ్యాహ్నము ఉపాధ్యాయులతో పోయి చూచినవారికి వెలుతురు, నడక, తోడు, ఆశ్చర్యము నాలుగును ఒకేసారి లభించును.

విద్యార్థు లొక చిన్న పరీక్ష చేయవచ్చును. పదునాలుగు దినములు నోటుపుస్తకమున లేచిన వేళ, ఆరుబయట నున్న నిమిషములు, చేసిన ఒక పని, ఆనాటి మనస్సునకు పదింట ఎన్ని మార్కులు అను నాలుగు సంగతులు వ్రాయుడు. ఏ దినము మార్కులు హెచ్చినవో మీకే తెలియును.

5. వైద్యుని సాయ మెప్పుడు?

రెండు మూడు దినములుండి తొలగు దిగులు ముసురువంటిది. దానంతట నది పోవును. కాని రెండు వారములు ఎడతెగక దిగులుండి, ఇష్టమైన వానిపై సైతము ఆసక్తి పోయి, నిద్రాహారములు చెడి, చదువు సాగనిచో అది వ్యాధి కావచ్చును. వైద్యుని చూడవలెను. అతడు రక్తపరీక్షచే ఇతర కారణములను కనిపెట్టును; అవసరమైనచో మాటలచేతను మందులచేతను చికిత్స జరుగును. ప్రార్థించువాడు మలేరియాకు మందు పుచ్చుకొనుటలో ఎట్లు తప్పు లేదో, దీనికి మందు పుచ్చుకొనుటయందును తప్పు లేదు.

బ్రదుకు వలదను తలంపు ఒక్కసారి వచ్చినను దానిని రహస్యముగా దాచకుడు. ఆ గడియలోనే నమ్మదగిన పెద్దవారితో చెప్పుడు. భారత ప్రభుత్వము 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలి మానస్ అను సేవకు 14416 అను సంఖ్యకు రుసుము లేకుండ రాత్రింబవళ్లు మాటలాడవచ్చును; తెలుగుననే మాటలాడవచ్చును.

6. తలిదండ్రులకును ఉపాధ్యాయులకును

బిడ్డ మౌనముగా నున్నప్పుడు "ఏమి తక్కువైనది నీకు?" అని అడుగకుడు, ఆ ప్రశ్నకు జవాబు వానికే తెలియదు. "నాతో కొంచెము దూరము నడచి వత్తువా?" అని యడుగుడు. మార్కుల మాట ఆ నడకలో ఎత్తకుడు. తరగతిలో ఒక విద్యార్థి వరుసగా మూడు దినములు రానిచో, హాజరుపట్టీలో గుర్తు వేయుటతో సరిపెట్టక, ఇంటికి ఒకరిని పంపుడు. వసతిగృహములో నుండు చిన్నవారికి ముసురుదినముల సాయంకాలములు మిక్కిలి పొడవు. ఆ వేళ ఒక ఆట, ఒక కథ, ఒక పాట ఏర్పాటు చేయుట బోధనలో భాగమే.

భోగిమంటలనాటికి మన ఆకాశము తేటపడును. అంతవరకు మన తరగతిలో, మన వీధిలో ఎవరి తలుపు రెండు దినములుగా తెఱువబడలేదో కనిపెట్టి, తెరపి దొరకగానే పోయి తట్టుదము.