అయిదు తూటాల లెక్క

బరువులెత్తే జిల్లాలు మావి. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడి పేరు ఇప్పటికీ అరుగుల మీద వినబడుతుంది. ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 240 కిలోలెత్తి ఒలింపిక్ కాంస్యం తెచ్చింది. నెల్లిమర్ల పక్క కొండవెలగాడ అంటే చాలు, బార్‌బెల్ గుర్తొస్తుంది. అలాంటి చోట పిల్లల చేత రైఫిల్ పట్టిస్తానంటే, "దీన్లో ఏటుంది మాస్టారూ, పడుకుని పేల్చడవే కదా!" అన్నవాళ్ళే ఎక్కువ. బడిలో ఎన్‌సీసీ మాస్టారుగా, రిటైరయ్యాక ఊళ్ళో పిల్లలకి తోడుగా ఉంటూ నేర్చుకున్నవి ఇక్కడ రాస్తున్నాను. వరస నా ఇష్టం.

1. సీజన్ ఎలా గడిచిందో మెడళ్ళని బట్టి కాదు, గ్రూపింగ్‌ని బట్టి, అంటే తూటాలు ఒకదానికొకటి ఎంత దగ్గరగా పడ్డాయన్నదాన్ని బట్టి చెప్పాలి.

ఇది తెలిస్తే మిగతావి సగం తెలిసినట్టే. ఎన్‌సీసీలో పాయింట్ 22 రైఫిల్‌తో, 25 మీటర్ల దూరంలో, బోర్లా పడుకుని అయిదు తూటాలు పేలుస్తారు. ఒకసారి పాలకొండ వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి టార్గెట్ కాగితం చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అయిదూ ఎడమ వైపు కిందకి పోయాయి, ఒక్కటీ నడిమికి తగల్లేదు. పక్క లేన్‌లో కుర్రాడికి ఒకటి సరిగ్గా నడిమిన పడింది, మిగతా నాలుగూ నాలుగు దిక్కుల్లో ఉన్నాయి. వాడు గంతులేస్తున్నాడు. నేను జేబులోంచి రూపాయి బిళ్ళ తీసి ఆ అమ్మాయి కాగితం మీద పెట్టాను. అయిదు చిల్లులూ దాని కింద మాయమయ్యాయి. "అమ్మీ, నువ్వు ఒకే పనిని అయిదుసార్లు ఒకేలా చేసినావు. గురి పక్కకి పోతే సైటు సర్దుకోవచ్చు. ఆడికి సర్దడానికి ఏటుంది?" అన్నాను. ఆ కుర్రాడికి కోపమొచ్చింది. రావాల్సిందే.

2. తూటా లేని సాధనే అసలు సాధన.

మాకు తూటాలు లెక్క పెట్టి ఇస్తారు, పేలాక ఖాళీ కేసులు లెక్క పెట్టి తీసుకుంటారు. గడ్డిలో ఒక్కటి తప్పిపోయినా అందరూ వంగి వెతకాల్సిందే. అందుచేత ఏడాదిలో ఒక్కో పిల్లకి దక్కే తూటాలు చాలా తక్కువ. దీన్ని కొరత అని ఏడ్చేకంటే వరం చేసుకోవడం మేలు. ట్రిగ్గర్ నొక్కితే రైఫిల్ కదులుతోందా లేదా అన్నది తూటా లేకుండానే బాగా తెలుస్తుంది, ఎందుకంటే చప్పుడూ తన్నూ ఉండవు, తప్పు దాక్కోడానికి చోటుండదు. గొట్టం చివర బిళ్ళ నిలబెట్టి, అది పడకుండా ట్రిగ్గర్ నొక్కమంటాను. ఒక జాగ్రత్త: పాయింట్ 22ని వట్టి ఛాంబర్‌తో అదేపనిగా నొక్కితే ఫైరింగ్ పిన్ దెబ్బతింటుంది. లెక్క చూసే అధికారి ఒప్పుకుంటే పేలిన ఖాళీ కేసు ఒకటి లోపల పెట్టి చేయాలి.

3. రైఫిల్‌ని లాగకండి, ఒంటిని జరపండి.

పడుకున్నాక కళ్ళు మూసుకో. ఊపిరి సగం వదులు. ఇప్పుడు కళ్ళు తెరువు. సైటు ఎక్కడ నిలిచిందో చూడు. టార్గెట్‌కి కుడి వైపు పోయిందా? చేత్తో ఎడమకి తొయ్యకు. నడుమూ కాళ్ళూ రవ్వంత జరిపి, ఎడమ మోచేయి ఉన్నచోటే ఉంచి, మళ్ళీ కళ్ళు మూసి చూసుకో. ఇది పిల్లలకి విసుగు. చేత్తో తోస్తే ఒక్క తూటాకి పని జరుగుతుంది, అయిదో తూటాకి కండరం అలిసిపోయి గురి దాని దారిన అది పోతుంది.

4. సినిమా చూసిన చెయ్యి ఆలస్యంగా నేర్చుకుంటుంది.

మగపిల్లలు రైఫిల్ పట్టుకోవడం ముందే వచ్చినట్టు వస్తారు. హీరో ఎలా పట్టాడో అలాగే భుజం ఎగరేసి, మెడ బిగించి పడుకుంటారు. వాళ్ళ చేత అది మరిపించడానికే ఒక క్యాంపు అయిపోతుంది. ఆడపిల్లలు "మాకు రాదు సార్" అంటూ వస్తారు, చెప్పింది చెప్పినట్టు చేస్తారు. మా వైపు మంచి గ్రూపులు మొదట వాళ్ళ దగ్గరే చూశాను. ఇందులో పెద్ద రహస్యమేమీ లేదు.

5. "ఖాళీ రైఫిలే" అన్న మాట రేంజిలో వినబడకూడదు.

ఎర్రజెండా ఎగిరితేనే ఫైరింగ్. గొట్టం ఎప్పుడూ టార్గెట్ వైపే. బోల్టు తెరిచి చూపించాకే లేవాలి. మా రేంజిల వెనక కొండా తుప్పలూ ఉంటాయి, మేకలు కాసుకునేవాళ్ళు తిరుగుతుంటారు. సెంట్రీని నిలబెట్టి వాళ్ళని పంపేదాకా ఆగాలి, ఎంత ఎండైనా. దీని మీద జోకులు నాకు నచ్చవు.

6. కొనడానికి తొందరపడకండి.

ఎయిర్ రైఫిల్ వేరే లోకం. 10 మీటర్ల దూరం, 4.5 మిల్లీమీటర్ల పెల్లెట్, పది పాయింట్ల చుక్క వెడల్పు అర మిల్లీమీటరు. అరవై షాట్లు, గంటా పావు సమయం. రైఫిల్ బరువు అయిదున్నర కిలోలు దాటకూడదు. 20 జౌళ్ళ శక్తి దాటని పాయింట్ 177కి లైసెన్సు అక్కర్లేదని తెలియగానే కొందరు తండ్రులు అప్పుచేసి విదేశీ రైఫిలూ, బిర్రుగా నిలబడే జాకెట్టూ కొనేస్తారు. మొదటి ఏడాది క్లబ్బు రైఫిల్‌తో ఆడనివ్వండి. పిల్ల ఎత్తు పెరుగుతుంది, జాకెట్టు పెరగదు.

7. పోటీ రోజున చోడి అంబలి చాలు.

కాఫీ, టీ వద్దు. గుండె దడ సైటులో కనబడుతుంది. పూరీలూ వద్దు.

8. మన కోస్తా గాలి ఇనుముకి శత్రువు.

అక్టోబరు వస్తే మాకు పైడితల్లి సిరిమానోత్సవంతో పాటు తుఫాను భయం కూడా వస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ. తిత్లీకి ఉద్దానంలో కొబ్బరీ జీడీ నేలకూలిన ఆ ఏడాది అటువైపు పిల్లలు సాధనకి రాలేదు, ఎలా వస్తారు? ఇళ్ళ మీద కప్పులే లేవు. చలికాలంలో ఒక్కొక్కరే తిరిగొచ్చారు. గ్రూపులు రెండింతలు వెడల్పయ్యాయి. ఆ సీజన్‌లో మాకు చెప్పుకోదగ్గ స్థానమేమీ రాలేదు, అయినా పిల్లలు తిరిగొచ్చారు కాబట్టి, ఆ ఒక్కసారికి గ్రూపింగ్ లెక్క పక్కన పెట్టి, నేను మంచి సీజన్ల లెక్కలో దాన్ని రాసుకున్నాను. ఇంక రైఫిల్ సంగతి: తేమ రోజుల్లో ఫైర్ చేసిన సాయంత్రమే పుల్‌త్రూ తాడుకి చిందీ గుడ్డ కట్టి గొట్టంలోంచి లాగాలి, పలచగా నూనె రాయాలి. రేపు చేద్దామంటే రేపటికి గోధుమరంగు చుక్కలు కనబడతాయి.

9. ఓడిన రోజు ఏ పేరు చెప్పాలి?

నేను గగన్ నారంగ్ పేరు చెబుతాను, హైదరాబాదులో పెరిగినవాడు కాబట్టి. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో ఎయిర్ రైఫిల్‌లో 600కి 595 కొట్టాడు. ఫైనల్‌కి వెళ్ళినవాడితో సమానమే, కానీ సమాన స్కోర్లను విడదీసే కౌంట్‌బ్యాక్‌లో వెనకబడి బయటే ఉండిపోయాడు. అదే పోటీలో అభినవ్ బింద్రా స్వర్ణం గెలిచాడు. నాలుగేళ్ళ తర్వాత లండన్‌లో ఫైనల్ స్కోరు కూడా కలిపి 701.1తో గగన్‌కి కాంస్యం వచ్చింది. చెవులు వినబడని హైదరాబాదు కుర్రాడు ధనుష్ శ్రీకాంత్ గగన్ అకాడమీలో తయారై బధిరుల ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచాడు. 2024లో లీమాలో జరిగిన జూనియర్ ప్రపంచ పోటీల్లో మన ఆంధ్ర కుర్రాడు ముకేశ్ నేలవల్లి పిస్టల్‌లో స్వర్ణాలు తెచ్చాడు. ఈ చివరి పేరు చెబితే పిల్లలు తలెత్తి చూస్తారు. ఒలింపిక్ మెడల్ దూరంగా ఉంటుంది, తమ ఈడువాడి మెడల్ దగ్గరగా ఉంటుంది.

10. ఇంటర్మీడియెట్‌కి పిల్లల్ని పూర్తిగా వదులుకోకండి.

తొమ్మిదిలో మొదలుపెట్టిన పిల్ల గ్రూపు బిగిసేసరికి పది పరీక్షలు వస్తాయి. ఆ తర్వాత విశాఖ, విజయవాడ హాస్టళ్ళు. మాకు పోయే షూటర్లలో ఎక్కువమంది ఓడి పోయినవాళ్ళు కారు, ఇలా పోయినవాళ్ళే. చదువు మానమని నేను అనను, అన్నా ఎవరూ వినరు. కానీ గోడ మీద ఒక నల్లచుక్క అంటించి, రోజూ పావుగంట నిలబడి, రైఫిల్ లేకపోయినా ఊపిరీ చూపూ చుక్క మీద నిలిపే సాధన హాస్టల్ గదిలోనూ చేయొచ్చు. డిగ్రీలో మళ్ళీ ఎన్‌సీసీలో చేరితే ఆ పిల్ల మొదటి అడుగు నుంచి మొదలుపెట్టనక్కర్లేదు. ఈ జూన్‌లో పది పూర్తయి వెళ్తున్నవాళ్ళకి నల్లచుక్కల కాగితాలు కత్తిరించి ఉంచాను. తల్లిదండ్రులు వచ్చి తీసుకెళ్ళండి.