జింక వేటకు తూటా: పొదుపు ఎక్కడ, ఖర్చు ఎక్కడ

టెక్సస్‌లో జింక వేట సాధారణ సీజను నవంబరు మొదటి శనివారం మొదలవుతుంది. అప్పటిదాకా ఆగితే మీ రైఫిలుకు నచ్చే తూటా దుకాణంలో మిగలకపోవచ్చు. ఆగస్టులోనే కొనడం మొదలుపెట్టండి. కొనేముందు ఒక లెక్క వేసుకోండి. సీజను మొత్తమ్మీద జింక మీద పేల్చేది మూడో నాలుగో తూటాలు. రేంజిలో సాధనకు అయ్యేవి వందల్లో ఉంటాయి. డబ్బు ఆదా చేయాల్సింది ఆ వందల దగ్గరే, ఆ మూడింటి దగ్గర కాదు.

అంతకన్నా ముందు చట్టం సంగతి. హెచ్-1బి లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది. గ్రీన్‌కార్డు వాళ్లకు ఈ అడ్డంకి లేదు. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు టెక్సస్‌లో హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేయాలి. దాన్ని మొక్కుబడి తంతుగా చూడకండి. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి చట్టం తర్వాత వేట దాదాపు ఆగిపోయింది కాబట్టి, ఇక్కడికొచ్చిన మనవాళ్లలో ఈ విద్య ఇంట్లో నేర్చుకున్నవాళ్లు అరుదు.

ఇప్పుడు రైఫిల్ బ్యారెల్ మీద చెక్కిన కాలిబర్ పేరు చదవండి. పెట్టె మీద అచ్చయిన పేరు దానితో పొల్లుపోకుండా కలవాలి. దగ్గర దగ్గరగా ఉన్నాయి కదా అని సర్దుకోవడం ప్రాణాల మీదికి తెస్తుంది. ఇంకా రైఫిల్ కొనకపోతే .308 విన్‌చెస్టర్ తీసుకోండి. 1952 నుంచి వాడుకలో ఉంది, ప్రతి దుకాణంలో దొరుకుతుంది, వాడేవాళ్లు ఎక్కువ కాబట్టి చవక రకాలూ ఎక్కువే. భుజానికి తగిలే దెబ్బ తగ్గాలనుకుంటే .243 విన్‌చెస్టర్, 6.5 క్రీడ్‌మూర్ కూడా తెల్లతోక జింకకు చక్కగా సరిపోతాయి.

సాధనకు ఫుల్ మెటల్ జాకెట్ తూటాలు కొనండి. వీటిలో సీసాన్ని రాగి తొడుగు ముందువైపు పూర్తిగా కప్పేస్తుంది. తయారీ తేలిక, ధర తక్కువ. పెట్టె ధర కాకుండా ఒక్కో తూటా ఎంత పడుతుందో చూడండి, ఒక పెట్టెలో 20, ఇంకో దాంట్లో 50 ఉంటాయి. మరీ చవకగా కనిపించిన దానికి అయస్కాంతం పెట్టి చూడండి. బుల్లెట్ అంటుకుందంటే దాంట్లో ఉక్కు ఉన్నట్టు. నిప్పురవ్వలు లేస్తాయని, వెనక గోడ పాడవుతుందని చాలా రేంజిలు వాటిని రానివ్వవు. ఇంకా పొదుపు కావాలంటే .22 రైఫిల్ ఒకటి ఉంచుకోండి. ట్రిగ్గర్ నొక్కడం, ఊపిరి బిగబట్టడం దాంతోనే కుదురుకుంటాయి. జింక మీద మాత్రం దాన్ని వాడకండి. టెక్సస్‌లో రిమ్‌ఫైర్ తూటాతో జింకను వేటాడకూడదు.

ఫుల్ మెటల్ జాకెట్ కూడా జింకకు పనికిరాదు. బుల్లెట్ విచ్చుకోకుండా సన్నని రంధ్రం చేసి అవతలికి పోతుంది, జంతువు చాలా దూరం పరిగెత్తి ఎక్కడో బాధపడుతూ చస్తుంది. పెన్సిల్వేనియా లాంటి రాష్ట్రాల్లో విచ్చుకునే బుల్లెట్ వాడాలన్నది చట్టమే. దానికి సాఫ్ట్ పాయింట్ చాలు. మొన దగ్గర రాగి తొడుగు ఆగిపోయి సీసం బయటికి కనిపిస్తుంది, బొటనవేలితో రాస్తే బూడిదరంగు మరక అంటుతుంది. తగలగానే ఆ మెత్తని మొన వెనక్కి విచ్చుకుంటుంది. రెమింగ్టన్ కోర్-లాక్ట్ 1939 నుంచి ఈ పనే చేస్తోంది. ఫెడరల్ పవర్-షాక్, విన్‌చెస్టర్ పవర్-పాయింట్, హోర్నడీ అమెరికన్ వైట్‌టెయిల్ కూడా ఈ తరగతివే. .308కి 150 గ్రెయిన్ల బుల్లెట్ తీసుకోండి, అంటే సుమారు 9.7 గ్రాములు. నోస్లర్ పార్టిషన్ లాంటి ఖరీదైనవి పుట్టింది మూస్ లాంటి భారీ జంతువుల కోసం. టెక్సస్ జింకకు అంత అక్కర్లేదని నా గట్టి అభిప్రాయం.

అసలు పని రేంజిలో. రెండు మూడు రకాల వేట తూటాలు ఒక్కో పెట్టె కొనండి. రైఫిల్‌ను ఇసుక సంచుల మీద ఆనించి 100 గజాల నుంచి ఒక్కో రకం మూడేసి పేల్చండి. రకానికీ రకానికీ మధ్య బ్యారెల్ చల్లారనివ్వండి, వేడెక్కితే గురి జరుగుతుంది. కాగితం తెచ్చి చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఒక రకం చేసిన మూడు రంధ్రాలు అంగుళంలో ఇమిడిపోతాయి, ఇంకో రకానివి మూడంగుళాల మేర చెదిరి ఉంటాయి. ఏది నచ్చుతుందో మీ రైఫిలే చెప్పాలి, చాలాసార్లు చవకదే గెలుస్తుంది. జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు దాదాపు 8 అంగుళాల వెడల్పు, కాబట్టి ఒకటిన్నర అంగుళాల గుంపు వచ్చినా ధారాళంగా సరిపోతుంది.

ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. చవక తూటాతో గురి సరిచేసుకుని, వేట రోజున వేరే తూటా పెట్టుకుంటారు. ఒకే బరువున్నా రెండూ ఒకేచోట తగలవు, రెండు మూడంగుళాలు పక్కకు పోవచ్చు. అందుకే స్కోపు చివరిసారి సరిచేయాల్సింది వేట తూటాతోనే. చాలా స్కోపుల్లో ఒక్క క్లిక్కు 100 గజాల దగ్గర పావు అంగుళం జరుపుతుంది. 150 గ్రెయిన్ల .308 అయితే 100 గజాల దగ్గర రెండంగుళాలు పైకి తగిలేలా పెట్టండి, 200 గజాల దగ్గర దాదాపు గురి చూసినచోటే తగులుతుంది. సాధన తూటా ఎంత పక్కకు పోతోందో కాగితం మీద రాసుకోండి, స్కోపు మాత్రం మళ్లీ ముట్టుకోకండి.

నచ్చిన రకం తేలాక పెట్టె మీదున్న లాట్ నంబరు చూసి, అదే నంబరువి ఇంకో రెండు పెట్టెలు కొనేయండి. వేట వరకే వాడితే ఏళ్ల తరబడి వస్తాయి.

మాంసం ఇంట్లో పిల్లలు తింటారా? సీసం బుల్లెట్ విచ్చుకున్నప్పుడు కంటికి ఆనని తునకలు గాయం చుట్టూ చెదురుతాయి. 2008లో నార్త్ డకోటాలో దానంగా వచ్చిన జింక మాంసంలో సీసం బయటపడి, పేదలకు పంచడం ఆపేశారు. గాయం చుట్టూ మాంసాన్ని ఉదారంగా కోసి పారేయండి. లేదా రాగి బుల్లెట్‌కు మారండి. కాలిఫోర్నియాలో 2019 జులై నుంచి వేటకు సీసం లేని తూటాయే వాడాలి. ధర ఎక్కువే, కానీ పైన చెప్పినట్టు ఏడాదికి అయ్యేవి నాలుగే. మారితే మాత్రం ఇసుక సంచులు, మూడేసి తూటాలు, స్కోపు క్లిక్కులు అన్నీ మొదటినుంచీ చేయాల్సిందే.