లారీకి ఏరియల్ బిగించడం ఎలా?

మాది దివిసీమ. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన మాట వస్తే మా తాతయ్య ఇప్పటికీ కాసేపు మాట్లాడరు. ఆ రాత్రి తరువాత పక్క ఊరు ఉందో లేదో తెలియడానికి కూడా మనిషి నడిచి వెళ్ళాల్సి వచ్చిందట. ఇప్పుడు సెల్‌ఫోన్లు ఉన్నాయిగా అంటారేమో, 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు అవీ మూగబోయాయి. అటువంటప్పుడు పనికివచ్చేది హామ్ రేడియో. ఊళ్ళోకి ముందుగా బియ్యం, నీళ్ళు మోసుకొచ్చేది లారీ. ఈ రెంటినీ కలపాలన్న కోరికతో లైసెన్సు పరీక్ష ప్యాసయ్యాక మా మామయ్య లారీ మీద పడ్డాను. (లైసెన్సు లేకుండా ప్రసారం చేయడం నేరమని మిత్రులు గమనించగలరు.)

ఏరియల్ పొడవును నిర్ణయించేది తరంగదైర్ఘ్యం. 300ని మెగాహెర్ట్జ్‌లలోని పౌనఃపున్యంతో భాగిస్తే అది మీటర్లలో వస్తుంది. 145 మెగాహెర్ట్జ్ వద్ద సుమారు 2.07 మీటర్లు. అందులో నాలుగో వంతు 52 సెంటీమీటర్లు. లోహపు కడ్డీలో ఇది కొంచెం తగ్గి 49 దగ్గర కుదురుతుంది. మూరెడు కన్నా కాస్త ఎక్కువ, అంతే! అయితే ఈ కడ్డీ సగం ఏరియలే. మిగతా సగం దాని కింద ఉండే లోహపు రేకు. ఈ సంగతి పుస్తకంలో చదివి కూడా నేను పట్టించుకోలేదు.

మామయ్య లారీ క్యాబిన్ పాతకాలపు బాడీ షెడ్డులో కట్టింది. చెక్క చట్రం, పైన అల్యూమినియం రేకు. అయస్కాంతపు దిమ్మ ఉన్న ఏరియల్ పెడితే జారి కింద పడింది. అల్యూమినియానికి అయస్కాంతం అంటదని హైస్కూలు పిల్లవాడికి కూడా తెలుసు! సరే అని అద్దం బ్రాకెట్‌కు క్లాంపుతో బిగించాను. స్టాండింగ్ వేవ్ రేషియో 3 చూపించింది. అంటే పంపిన శక్తిలో నాలుగో వంతు వెనక్కి వస్తోందన్నమాట. బ్రాకెట్‌కు మందంగా పెయింటు, అడుగున రబ్బరు. కడ్డీకి రెండో సగమే లేదు.

చివరికి క్యాబిన్ మీది క్యారియర్ పలకకు మీటరు చదరం జీఐ రేకు కొట్టి, దాని నడుమ కడ్డీ నిలబెట్టాను. కేబులు పైతొడుగు అల్లికను ఆ రేకుకే, పెయింటు గీకిన చోట, గట్టిగా బిగించాను. కడ్డీని ముందు 52 సెంటీమీటర్లు ఉంచి చూశాను. 144 వైపు రీడింగు తక్కువ, 146 వైపు ఎక్కువ వస్తే కడ్డీ పొడుగని అర్థం. కొంచెం కొంచెంగా కత్తిరించాలి. తొందరపడి ఒకేసారి తెగ్గోస్తే మళ్ళీ అతికేది లేదు. నాది 1.3 దగ్గర ఆగింది. వెనక్కి వచ్చేది నూటికి రెండు పాళ్ళు కూడా కాదు.

అమెరికా ట్రక్కుల ఫోటోల్లో రెండు అద్దాలకూ రెండు పొడుగాటి ఏరియల్స్ చూసి మనమూ అలాగే పెడదామనిపిస్తుంది. అవి సాధారణంగా 27 మెగాహెర్ట్జ్ సిటిజన్ బ్యాండు కోసం. 145 వద్ద అంత ఎడంగా రెండు పెడితే కొన్ని దిక్కులకు బలంగానూ కొన్నిటికి అసలు లేకుండానూ పోతుంది. ఆ ట్రక్కుల్లో ఫైబర్ గ్లాసు భాగాలు ఎక్కువ కనుక కింద రేకు అక్కర్లేని అర్ధతరంగ ఏరియల్ వాళ్ళకు మేలు.

ఎత్తు సంగతి ముఖ్యం. మూడున్నర మీటర్ల ఎత్తున్న రెండు లారీల మధ్య, అడ్డేమీ లేకపోతే, పదిహేను కిలోమీటర్ల దాకా మాట అందుతుంది. అవతల 30 మీటర్ల స్తంభం ఉంటే ముప్పై. అంతకన్నా దూరానికి 7 మెగాహెర్ట్జ్ కావాలి. అక్కడ నాలుగో వంతు అంటే పది మీటర్లు! కాయిలు చుట్టి రెండున్నర మీటర్లకు కుదించవచ్చు గానీ, దాని వికిరణ నిరోధం ఒకటిన్నర ఓములకు మించదు. శక్తిలో ఎక్కువ భాగం కాయిలు, నేల వేడెక్కడానికే సరి. నా మట్టుకు నేను దాన్ని పెట్టను. లారీ ఆగాక ఇరవై మీటర్ల తీగను మధ్యలో తెంపి, కేబులు కలిపి, రెండు చెట్ల మధ్య కట్టడం ఎంతో నయం. చుట్టుపక్కల రెండు మూడు జిల్లాలకు పగటిపూట అదే చాలు. కరెంటు తీగల కింద మాత్రం ఎప్పుడూ కట్టకూడదు, పొడుగు కడ్డీ ఎత్తకూడదు. మా వైపు 11 వేల వోల్టుల తీగలు ఎంత కిందికి వేలాడుతుంటాయో అందరికీ తెలిసిందే.

ఇక బ్యాటరీ. లారీలో రెండు బ్యాటరీలు వరుసగా, 24 వోల్టులు. రేడియోకు కావలసింది 13.8. ఒక్క బ్యాటరీ నుంచి లాగితే అది ముందు దిగిపోయి, రెండోది ఎక్కువ ఛార్జై, రెండూ పాడవుతాయి. మామయ్య "ఒరేయ్, తెల్లారి సెల్ఫు కొట్టకపోతే నిన్నే తొయ్యమంటా" అన్నాడు. కన్వర్టరు పెట్టి, బ్యాటరీ దగ్గరే ఫ్యూజు వేశాను. కేబులు లోపలికి వచ్చేచోట కిందికి ఓ వంపు ఇస్తే వాననీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది.

కాలవగట్టు మీద మర్రికొమ్మలు కడ్డీకి తగులుతూనే ఉన్నాయి. అందుకని మొదట్లో స్ప్రింగు వేశాను. ఇప్పుడు మా క్లీనరు ఆ మలుపు రాగానే తలుపు తీసి, పైకెక్కి, తనే వంచి పట్టుకుంటున్నాడు. అతను పట్టుకున్నంతసేపూ నేను మైకు నొక్కను.