బొమ్మ ముందు, చప్పుడు వెనక

మన కంప్యూటరు గది బీరువాలో పాత వార్షికోత్సవాల డిస్కులు ఉన్నాయి. వాటిలో థింసా ఆట ఉంది, మన ఊళ్ళ పెద్దవాళ్ళు పాడిన పాటలున్నాయి. పాడినవారిలో కొందరు ఇప్పుడు లేరు. మనం రాసుకునే డిస్కులో సమాచారం పలచని రంగు పూత మీద ఉంటుంది. ఎండకీ వేడికీ అది పాడైపోతుంది. అందుకే వాటిని వీడియో ఫైళ్ళుగా మారుస్తున్నాం. అయితే మార్చాక చూస్తే తుడుము మీద పుల్ల పడ్డ తర్వాత ఎప్పటికో ఢమ్మంటోంది. అడుగొక చోట, దరువొక చోట అయితే ఇక థింసా ఎక్కడిది? దీన్ని సరిచేసే పద్ధతి నేను నేర్చుకున్నంత వరకూ రాస్తున్నాను.

డిస్కులో బొమ్మా, శబ్దమూ చిన్న చిన్న పొట్లాలుగా కలగలిసి ఉంటాయి. ప్రతి పొట్లం మీదా "నన్ను ఫలానా క్షణంలో చూపించు" అని ఒక టైము గుర్తు ఉంటుంది. ప్లేయరు ఆ గుర్తుల్ని చూసి రెండింటినీ జత చేస్తుంది. మార్చేటప్పుడు రెండింటినీ విడదీసి ఆ గుర్తుల్ని వదిలేస్తే, తిరిగి కలిపినప్పుడు జత తప్పుతుంది.

కొంచెం తేడా ఉంటే మనకు తెలియదు. కొండవాలులో ఎవరైనా కట్టె కొడుతుంటే గొడ్డలి పడడం ముందు కనిపిస్తుంది, చప్పుడు తర్వాత వస్తుంది గదా! శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లే పోతుంది. 170 మీటర్ల దూరానికి అర సెకను పడుతుంది. అందుకే ఆలస్యంగా వచ్చే శబ్దాన్ని మన చెవి ఓర్చుకుంటుంది, ముందుగా వస్తే ఓర్చుకోదు. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం 1998లో ఇచ్చిన సిఫార్సు ప్రకారం శబ్దం 45 మిల్లీసెకన్లు ముందున్నా మనిషి కనిపెడతాడు, వెనక ఉంటే 125 దాకా కనిపెట్టడు.

ఇప్పుడు అసలు సంగతి. ఏ మీటా నొక్కకముందు ఫైలును మూడు చోట్ల చూడాలి: మొదట్లో, నడుమ, చివర. పుల్ల తుడుము మీద పడే చోటు పట్టుకోండి. వి.ఎల్.సి. ప్లేయరులో 'ఇ' మీట నొక్కితే ఒక్కో బొమ్మే కదులుతుంది. సినిమావాళ్ళు షాటు మొదట్లో పలక కొట్టేది కూడా ఇలా జత కలుపుకోవడానికే.

మూడు చోట్లా ఒకే తేడా ఉంటే అది తేలిక జబ్బు. వి.ఎల్.సి.లో శబ్దం వెనకబడితే 'జె', ముందుకుపోతే 'కె' నొక్కండి. ఒక్క నొక్కుకు 50 మిల్లీసెకన్లు. ఆరు నొక్కులకు సరిపోతే తేడా 300 అన్నమాట. ఇది ఆడేటప్పుడే పనిచేస్తుంది, ఫైలు మారదు. ఆ అంకెను అవిడెమక్స్‌లో ఆడియో షిఫ్ట్ గడిలో వేసి కొత్త ఫైలుగా దాచాలి.

మొదట్లో బాగుండి పోనుపోను తేడా పెరిగితే జె, కె మీటలతో లాభం లేదు. మొదలు సరిచేస్తే చివర చెడుతుంది. ఇది లెక్కల జబ్బు. మన దేశపు టీవీ పద్ధతిలో సెకనుకు 25 బొమ్మలు, అమెరికా పద్ధతిలో 29.97. ఈ 29.97ని ప్రోగ్రాము 30 అనుకుందంటే వెయ్యింటికి ఒకటి తేడా. గంటకు 3600 సెకన్లు గనుక గంట గడిచేసరికి 3.6 సెకన్లు తప్పుతుంది. అదే 24 బొమ్మల సినిమాను 25గా ఆడిస్తే గంట సినిమా 57 నిమిషాల 36 సెకన్లలో అయిపోతుంది. కాబట్టి తేడా ఎంతో కొలిస్తే కారణం కూడా దొరుకుతుంది.

ముందుగా హ్యాండ్‌బ్రేక్‌లో 'సేమ్ యాజ్ సోర్స్', 'కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్' పెట్టి మళ్ళీ మార్చి చూడండి. అప్పటికీ కుదరకపోతే శబ్దాన్నే సాగదీయాలి లేదా కుదించాలి. 3000వ సెకనులో కనిపించే దెబ్బ 3002లో వినిపిస్తోందనుకోండి. శబ్దం మొత్తం 3600 సెకన్లుంటే, దాన్ని 3000తో హెచ్చించి 3002తో భాగించాలి. 3597.6 వస్తుంది. ఆడాసిటీలో 'ఛేంజ్ టెంపో' తెరిచి కొత్త నిడివిగా ఆ అంకె వేయండి. టెంపో మారిస్తే శ్రుతి మారదు. పెద్దవాళ్ళ గొంతు వాళ్ళ గొంతులాగే ఉంటుంది. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే.

నడుమ ఒక చోట ఉన్నట్టుండి గెంతితే అక్కడ డిస్కు మీద గీత ఉందని అనుమానించాలి. కొన్ని బొమ్మలు చదవలేక వదిలేసిందన్నమాట. మెత్తని గుడ్డతో నడుమ నుంచి అంచుకు తిన్నగా తుడవాలి, గుండ్రంగా తిప్పకూడదు. వేరే కంప్యూటరులో కూడా పెట్టి చూడాలి. లేకపోతే ఆ చోట ఫైలును రెండు ముక్కలు చేసి, రెండో ముక్కను విడిగా సరిచేసుకోవాలి.

దేనికైనా డిస్కును ముందు మొత్తంగా హార్డ్ డిస్కులోకి ఎక్కించి, ఆ కాపీ మీదే పని చేయండి. ఫైలు కుదిరిందని డిస్కును పారేయకండి. కొన్న సినిమా డిస్కులకు తాళాలుంటాయి, వాటి జోలికి మనం పోవద్దు.

పెద్దవాళ్ళ పాటల డిస్కు మీద గీతలు ఎక్కువ, దాన్నే ముందు చేద్దాం. శనివారం స్టడీ అవర్ అయ్యాక గది తాళం ఇస్తానని వార్డెన్ సార్ అన్నారు. ఆ పాటలు తెలిసినవాళ్ళు ఇద్దరు తప్పకుండా రావాలి. పెదవి కదలికకు ఏ మాట సరిపోతుందో భాష వచ్చినవాళ్ళే చెప్పగలరు.