రేవు పడవకు ఇంజను ఎంపిక

వంతెన లేని గోదావరి లంక గ్రామములలో రేవు దాటనిదే దినము గడవదు. బడిపిల్లలకు, అరటి గెలలకు, పాల బిందెలకు, పురిటినొప్పులతో ఆసుపత్రికి పోవు తల్లికి అందరకును ఒకటే పడవ. అట్టి రేవునకు డీజిలు పడవ కొనదలచిన పంచాయతీ సభ్యులు సామాన్యముగా మొదట అడుగు ప్రశ్న, "ఇంజను ఎన్ని హార్సుపవరు?" అని. అది చివర అడుగవలసిన ప్రశ్నయని మా అభిప్రాయము.

ముందు చూడవలసినది పడవ. నీటిని చీల్చుకొని పోవు పడవ వేగమునకు దాని పొడవే హద్దు. పోవుచు పోవుచు పడవ తన ముందొక అలను లేపును. వేగము హెచ్చినకొలది ఆ అల సాగి పడవ పొడవుతో సమానమగును. అటుపై పడవ తాను లేపిన అలనే గట్టువలె ఎక్కవలసి వచ్చును. నీటిమట్టము వద్ద 25 అడుగుల పొడవున్న పడవకు ఈ హద్దు గంటకు సుమారు 12 కిలోమీటర్లు, 36 అడుగుల పడవకు సుమారు 15. చిన్న పడవలో పెద్ద ఇంజను పెట్టినచో డీజిలు ఖర్చు హెచ్చును గాని వేగము అంతగా హెచ్చదు.

జనముతో, సరకుతో సహా పడవ తూకములో టన్నుకు 3 లేక 4 అశ్వశక్తులు సాధారణముగా చాలును. అనగా 5 టన్నులకు 15 మొదలు 20 వరకు. అయితే ఏటి వడిని కూడ ఎరుగవలెను. ఒక కొబ్బరికాయను నీట వదలి, అది 100 అడుగులు పోవుటకు ఎంతసేపు పట్టునో చూడుడు. 18 సెకనులు పట్టినచో వడి గంటకు 6 కిలోమీటర్లు. 12 కిలోమీటర్లు నడచు పడవ ఆ ఎదురునీట 6 మాత్రమే సాగును. వడి ఇంకను హెచ్చిన దినములలో పెద్ద ఇంజను ఉపాయము కాదు, పడవను కట్టివేయుటయే ఉపాయము. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద వరద గోదావరిలో పర్యాటకుల పడవ మునిగి ఎందరో ప్రాణములు కోల్పోయిరి.

ఇక ఇంజను సంగతి. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది. పడవ అడుగున చేరి నిప్పురవ్వ తగిలిన అంటుకొనును. డీజిలుతో ఆ భయము చాల తక్కువ. అయితే పొలమున నీరు తోడు డీజిలు ఇంజనునే పడవకు బిగించువారు కలరు. అది చవక, మరమ్మతు ఊరిలోనే జరుగును. ఆ మేలును మేము కాదనము. కాని దానికి వెనుక గేరు ఉండదు. రేవులో ఈదు పిల్లవాడు హఠాత్తుగా అడ్డము వచ్చినచో పడవను ఆపునది వెనుక గేరే. గేరుపెట్టె లేని ఇంజనును ప్రయాణికుల పడవకు ఎంత చవకైనను కొనరాదు.

వర్షాకాలపు ఎర్రనీటిని నేరుగా ఇంజనులోనికి తీసికొనినచో ఒండ్రు చేరి దారులు పూడును. మూసిన గొట్టములలోని మంచినీరు పడవ అడుగున చల్లబడి తిరిగివచ్చు ఏర్పాటు మన నదులకు మేలు. నడియేట ఇంజను ఆగుటకు తరచు కారణము డీజిలులో చేరిన నీరు గనుక, దానిని వేరుచేయు ఫిల్టరు కూడ ఉండవలెను.

సొమ్ము చెల్లించుటకు ముందు పడవ నమోదు, తనిఖీ పత్రములు చూడుడు. పిదప మనుష్యులకు మారుగా ఇసుక బస్తాలు వేయించి ఎదురునీట ఒక గంట నడిపించుడు. నిండు వేగమున వెనుక గేరు వేయించి పడవ ఎంత దూరములో ఆగునో కొలువుడు. ఇంజను ఆగిపోయిన నాడు పడవను నిలుపునది లంగరే గనుక, దానిని త్రాడుతో సహా ఆ దినముననే నీట దింపించి చూడుడు.