పుస్తకంలో సరిగ్గా చదివి, బోర్డు మీది తప్పు రాస్తున్నారా? పిల్లల కళ్లు చూపించండి
డాక్టర్ వైఎస్సార్ కంటి వెలుగు: విశాఖపట్నం తల్లిదండ్రుల కోసం

2019 అక్టోబరు 10న, ప్రపంచ దృష్టి దినోత్సవం నాడు మొదలైన ఈ పథకంలో మొదటి పరీక్షలు బడి పిల్లలకే జరిగాయి. వాళ్లకే ఎందుకు ముందు? చూపు విషయంలో వయసు చాలా ముఖ్యం కాబట్టి.

చూపు ఎలా ఎదుగుతుంది?
పుట్టినప్పుడు కనుగుడ్డు పొడవు సుమారు 17 మిల్లీమీటర్లు. పెద్దయ్యేసరికి 24కు దగ్గరవుతుంది. కన్ను పెరుగుతుంటే, అది పంపే బొమ్మను అర్థం చేసుకోవడం మెదడు నేర్చుకుంటుంది. ఈ నేర్పు చాలావరకు 7, 8 ఏళ్లలోపే వస్తుంది. ఆ వయసులో ఒక కన్ను మసక బొమ్మే పంపుతుంటే మెదడు దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. దీన్నే లేజీ ఐ అంటారు. ఆలస్యమైతే అద్దాలు పెట్టినా పూర్తి చూపు రాకపోవచ్చు.

హ్రస్వదృష్టి అంటే?
కనుగుడ్డు ఉండాల్సిన దానికంటే పొడవు పెరిగితే దగ్గరివి బాగానే కనిపిస్తాయి, దూరానివి మసకబారతాయి. 1 మిల్లీమీటరు ఎక్కువైతే చాలు, సుమారు రెండున్నర నుంచి మూడు నంబరు వస్తుంది. ఇది ఎక్కువగా బడి వయసులో మొదలై, ఒళ్లు ఎదిగినన్నాళ్లూ పెరుగుతుంది. అందుకే ఏటా పరీక్ష అవసరం.

చదువు లోపమా, చూపు లోపమా?
అయిదేళ్ల పిల్లలు పుస్తకంలోనే ప, ష తేడా పట్టలేకపోతే, చాలాసార్లు అది నేర్చుకునే దశ. అదే పుస్తకంలో సరిగ్గా చదివి, బోర్డు మీద 3ని 8 అని, ఘను ఝ అని రాస్తే చూపును అనుమానించండి. పిల్లలు తమంతట తాము చెప్పరు. అందరికీ అలాగే కనిపిస్తుందనుకుంటారు. "మొద్దు" అని ముద్ర వేయకండి.

ఇంట్లో ఇలా గమనించండి
• బీచ్ రోడ్డులో నిలబడి ఒక కన్ను అరచేత్తో మూయించి, దూరంగా ఆగిన ఓడలను చూపించండి. తర్వాత రెండో కన్ను. తేడా చెబితే డాక్టరుకు చూపించాలి.
• బస్సు నంబరు దగ్గరికొచ్చేదాకా చదవలేకపోవడం, కళ్లు చికిలించడం, టీవీకి మరీ దగ్గరగా కూర్చోవడం కూడా గుర్తులే.
ఇవేవీ కనిపించకపోయినా బడిలో పరీక్ష మానొద్దు.

సందేహాలు
అద్దాలు పెడితే నంబరు పెరుగుతుందా? పెరగదు. నంబరు పెరిగేది కనుగుడ్డు పెరగడం వల్ల.
ఆడపిల్లకు అద్దాలెందుకని ఆపొచ్చా? వద్దు. మసకగా చూస్తూ చదవడం ఇంకా కష్టం.
రాకుండా ఏం చేయాలి? రోజూ రెండు గంటలు పగటి వెలుగులో ఆడుకోనివ్వండి. హ్రస్వదృష్టి వచ్చే అవకాశం తగ్గుతుంది.

మీరు చేయాల్సింది
ఆ పథకంలో మొదటి పరీక్ష బడిలోనే జరిగింది. లోపం కనిపిస్తే తర్వాతి దశలో కంటి వైద్య సిబ్బంది చూసేవారు. పరీక్ష, అద్దాలు, అవసరమైతే ఆపరేషన్ అన్నీ అప్పట్లో ఉచితంగా ఉండేవి. పరీక్ష రోజు పిల్లలను బడి మాన్పించకండి. పాత అద్దాలుంటే పంపండి. రమ్మన్న తేదీకి కూలి పని ఉన్నా, షిఫ్టు ఉన్నా, ఇంట్లో ఒకరు తప్పక తీసుకెళ్లండి. ఏడేళ్లలోపు పిల్లలకైతే ఒక్క నెల కూడా వాయిదా వేయొద్దు.